షాక్ కొడుతున్న పొయ్యికి విడిభాగాలు కొనేముందు

ప్రశ్న: అయ్యా, మాది మలికిపురం మండలంలో ఒక పల్లె. మా ఆయన కువైట్‌లో చాలాకాలం పనిచేసి, తిరిగొచ్చేటప్పుడు ఒక ఎలక్ట్రిక్ పొయ్యి కార్గోలో వేసి పంపించారు. పైన నాలుగు ఇనుప ప్లేట్లు, కింద ఓవెన్. రోజువారీ వంట గ్యాస్ మీదే. దీనిమీద పుట్టినరోజు కేకులు, బిస్కెట్లు చేసి చుట్టుపక్కల ఊళ్ళకి ఇస్తుంటాను. మూడేళ్ళు బాగా పనిచేసింది. ఈ వానాకాలం నుంచి ఓవెన్ వేయగానే ఇంట్లో కరెంటు మొత్తం పోవడం మొదలైంది. ఊళ్ళో ఎలక్ట్రీషియన్ వచ్చి, బోర్డులో ట్రిప్ అయ్యే పెట్టెని తప్పించి డైరెక్ట్ ఇచ్చాడు. ఇప్పుడు కరెంటు పోవట్లేదు గానీ తడిచేత్తో ఓవెన్ తలుపు ముట్టుకుంటే జివ్వుమంటోంది. ఎర్రచుక్క ఉన్న పెద్ద ప్లేటు 1 మీద పెడితే చల్లగానే ఉంటుంది, 6 మీద పెడితే నెమ్మదిగా వేడెక్కుతుంది. సాయంత్రం పెట్టిన కేకు అడుగున పచ్చిగా వస్తోంది. ప్లగ్గు కూడా నల్లబడింది. టౌన్‌లో రిపేరు షాపులో అడిగితే నాలుగు ప్లేట్లు, ఓవెన్ ఎలిమెంట్లు రెండూ, థర్మోస్టాట్ మార్చాలి, పొయ్యి ఖరీదులో సగం పైనే అవుతుంది, లేదంటే పాత ఇనుముకి వేసేయండి అన్నారు. డిసెంబరులో క్రిస్మస్ కేకుల ఆర్డర్లున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఇది చదువుతూనే లేచి వెళ్ళి ఆ పొయ్యికి కరెంటు ఆపేయండి. మిగతాది వచ్చాక చదువుకోవచ్చు. నాబ్‌లన్నీ సున్నా మీద పెడితే ఆపినట్టు కాదు. చాలా పొయ్యిల్లో నాబ్ తిప్పితే ఒక వైరులోనే కరెంటు ఆగుతుంది. మన ఇళ్ళలో ఫేజు, న్యూట్రల్ తారుమారుగా ఇచ్చిన బోర్డులు బోలెడు, కాబట్టి ఆ ఆగింది ఏ వైరో చెప్పలేం. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి పక్కన పెట్టండి. నల్లబడిన ప్లగ్గు సాకెట్‌కి అతుక్కుపోయి ఉంటే బలవంతం చేయొద్దు. మీటరు దగ్గర మెయిన్ ఆపించి, అప్పుడు తీయించండి.

జివ్వుమంటోందని మీరు మధ్యలో ఒక ముక్క రాసి ముందుకెళ్ళిపోయారు. నాకు మాత్రం ప్లేటు కన్నా, కేకు కన్నా ముందు అదే కనిపించింది. ఆ ఒక్క మాట మీ ఇంట్లో రెండు తప్పులున్నాయని చెబుతోంది. మొదటిది, పొయ్యి లోపల ఎక్కడో కరెంటు ఒంటికి, అంటే బయటి రేకుకి, కారుతోంది. రెండోది, ఆ రేకుని నేలకి కలపాల్సిన ఎర్త్ వైరు తెగిపోయింది, లేదా మొదట్నుంచీ లేదు. ఎర్త్ సరిగ్గా ఉంటే కారిన కరెంటు నేలలోకి పోతుంది, మీ చేతిలోకి రాదు. ఆ కారుతున్న కరెంటుని కనిపెట్టి అరిచిన కాపలాదారుడే ఆ ట్రిప్ అయ్యే పెట్టె. మీ ఎలక్ట్రీషియన్ దాన్ని నోరు మూయించి వెళ్ళిపోయాడు.

దాన్ని కొందరు ఈఎల్‌సీబీ అంటారు, ఇప్పుడొచ్చేవాటిని ఆర్‌సీసీబీ అంటారు. దాని పని చాలా చిన్నది. ఫేజులో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని చూస్తూ కూర్చుంటుంది. ఇళ్ళలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది. అంత తేడా వచ్చేలోపే, కన్ను మూసి తెరిచేలోగా కరెంటు ఆపేస్తుంది. ఆ తేడా కరెంటు ఎలిమెంట్‌లోంచి రేకులోకి కారి ఉండొచ్చు, మనిషి ఒంట్లోంచి నేలకి పోయి ఉండొచ్చు. రెంటికీ ఒకేలా స్పందిస్తుంది. లోడు మితిమీరితే ఆగే మామూలు ఎంసీబీ స్విచ్‌కి ఈ పని రాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ ఆగాలంటే అంతకు మించిన కరెంటు పారాలి. మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. అందుకే చెబుతున్నాను, పొయ్యి బాగైనా కాకపోయినా ఆ పెట్టెని రేపే తిరిగి కనెక్షన్‌లోకి పెట్టించండి. "మళ్ళీ ట్రిప్ అవుతుందమ్మా" అని అతనంటే, అవనివ్వండి. తప్పు సరిచేసేదాకా అది ట్రిప్ అవ్వాలి కూడా.

ఎర్త్ గుంటనీ ఒకసారి చూడండి. మీది సముద్రానికి దగ్గర. బొగ్గు, ఉప్పు వేసి పాతిన జీఐ పైపు మన తడి నేలలో మొదట్లో చక్కగా పనిచేస్తుంది. తడి నేల ఎర్త్‌కి మంచిదే. కానీ ఆ తడి, ఆ ఉప్పుగాలి కలిసి పైపుకి బిగించిన క్లాంపుని కొన్నేళ్ళలో తినేస్తాయి. పైకి వైరు కనిపిస్తూనే ఉంటుంది, పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. ఎర్త్ టెస్టర్ ఉన్న మనిషి చేత కొలిపించండి. ఆ నల్లబడిన సాకెట్ వెనక ఎర్త్ వైరు అసలు బిగించి ఉందో లేదో కూడా చూడమనండి. నా అనుమానం అక్కడే.

ఇక వానాకాలంలోనే ఎందుకు మొదలైందో చెబుతాను. షాపువాళ్ళు చెప్పిన లెక్క మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణమూ అదే. ఓవెన్ ఎలిమెంట్ అంటే పైకి కనిపించే ఆ వంకర గొట్టం. గొట్టం నడుమ సన్నటి నిక్రోమ్ తీగ చుట్ట ఉంటుంది. తీగకీ గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ అనే తెల్లపొడి గట్టిగా కూరి ఉంటుంది. ఈ పొడికి గొప్ప గుణం ఒకటుంది: వేడిని బయటికి పోనిస్తుంది, కరెంటుని పోనివ్వదు. ఒక జబ్బూ ఉంది: తేమ పీల్చుకుంటుంది. గొట్టం రెండు కొసల్లో ఉండే సీలు కాస్త పగిలితే చాలు, శ్రావణ భాద్రపదాల్లో డబ్బా మూత సరిగా పెట్టని అప్పడాలు మెత్తబడినట్టు లోపల పొడి మెత్తబడిపోతుంది. తడిసిన పొడిలోంచి కరెంటు గొట్టానికి కారుతుంది, గొట్టంలోంచి రేకుకి వస్తుంది, పెట్టె ట్రిప్ అవుతుంది. ఎండాకాలంలో ఈ గొడవే ఉండదు. మీ పొయ్యి కేకుల రోజుల్లోనే వాడతారు కాబట్టి, వానల్లో వారాల తరబడి ఊరికే ఉండిపోయి ఉంటుంది. రోజూ వేడెక్కే ఎలిమెంట్ తన తేమని తనే ఆరబెట్టుకుంటుంది. ఊరికే ఉన్నదే చెమ్మగిల్లుతుంది.

కాబట్టి ఆ ఎలిమెంట్ చచ్చిపోలేదు, తడిసింది అంతే. ఆరితే చాలాసార్లు మళ్ళీ బతుకుతుంది. ఎలా ఆరబెట్టాలో పని తెలిసిన మనిషికి చెప్పండి, మీరు మాత్రం చేయి పెట్టకండి. ముందు ప్లగ్గు తీసి, వెనక రేకు విప్పి, కింది ఎలిమెంట్‌కి వచ్చే రెండు వైర్లూ విప్పాలి. ఒక్కటే విప్పితే చాలదు, రెండో కొసలోంచి కారుతూనే ఉంటుంది. విప్పిన వైరు కొసలు దేనికీ తగలకుండా వేడికి ఓర్చే స్లీవ్ వేసి పక్కకి కట్టాలి. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో, అంటే కరెంటు కారుతోందో లేదో పట్టే మీటరుతో, ఎలిమెంట్ పిన్నుకీ దాని గొట్టానికీ మధ్య కొలవాలి. చల్లగా ఉన్నప్పుడు కనీసం ఒక మెగా ఓమ్ రావాలి. కింది దానికి రాకుండా పైదానికి వస్తే, దొంగ దొరికినట్టే. అప్పుడు ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ సరిగ్గా ఉన్నాయని చూసుకుని, పై ఎలిమెంట్ ఒక్కదాంతో ఓవెన్‌ని 120, 150 డిగ్రీల దగ్గర ఒక గంటా రెండు గంటలు నడపాలి. ఆ వేడికి పక్కనున్న తడి ఎలిమెంట్ మెల్లగా ఆరుతుంది. చల్లారాక మళ్ళీ మెగ్గర్ పెడితే రీడింగ్ పెరిగిందో లేదో తెలిసిపోతుంది. పెరిగితే వైర్లు బిగించుకోవచ్చు. రెండోసారి ఆరబెట్టినా పెరగకపోతే అప్పుడు మార్చండి. అప్పుడైనా ఆ ఒక్కటే. ఒకవేళ పై ఎలిమెంటే కారుతుంటే ఇదే పని తిరగేసి చేయాలి.

నాకు ఈ విషయం బాగా తలకెక్కింది 1996 నవంబరు తుఫాను తర్వాత. కోనసీమలో ఇళ్ళలో నీళ్ళు నిలిచిన రోజుల్లో తడిసిన ఇస్త్రీపెట్టెలు, హీటర్లు, కాయిల్ పొయ్యిలు కుప్పలుగా వచ్చేవి. పనికిరావని పక్కన పడేసిన వాటిలో చాలా వాటికి కావలసింది ఓపికగా ఆరబెట్టడం, తుప్పు పట్టిన కొసల్ని గీకి మళ్ళీ బిగించడం, అంతే. ఇన్నేళ్ళలో నేను విప్పిన కరెంటు పొయ్యిల్లో ఎలిమెంటే చచ్చిపోయినవి ఉన్నాయి, కాదనను. కానీ మన గోదావరి లంకల్లో, సముద్రం ఒడ్డున, ముందు పోయేది జాయింటు. వైరు కొసకి లగ్గు, అంటే చిన్న లోహపు బిళ్ళ, పెట్టి స్క్రూ బిగించిన చోటు. ఉప్పుగాలికి అక్కడ పచ్చటి చిలుము పడుతుంది, జాయింటు వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి ఇంకాస్త వదులవుతుంది.

ఒక ఇంటి సంగతి చెబుతాను. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు వెళ్ళి చూసిన పొయ్యి అది. ఒకే ఏడాదిలో ఓవెన్ ఎలిమెంట్ రెండుసార్లు మార్చారు, మూడోది కొనడానికి సిద్ధంగా ఉన్నారు. విప్పి చూస్తే, ఎలిమెంట్‌కి వెళ్ళే వైరు చివర లగ్గు మాడి బూడిద రంగులోకి వచ్చింది. కొత్త ఎలిమెంట్ పెట్టిన ప్రతిసారీ ఆ మాడిన లగ్గునే మళ్ళీ దూర్చారు. కొన్నాళ్ళు పట్టి ఉంటుంది, తర్వాత వదులవుతుంది, ఎలిమెంట్ పోయిందంటారు. నాలుగు అంగుళాలు వైరు కోసి, మంచి రాగి కనిపించేదాకా చెక్కి, కొత్త లగ్గు క్రింప్ చేసి బిగించాను. వాళ్ళు అటక మీద పడేసిన రెండు పాత ఎలిమెంట్లనీ కొలిచి చూశాను. రెండూ బాగానే ఉన్నాయి. ఆ ఇల్లాలు ముఖం నాకు ఇంకా గుర్తుంది. డబ్బు పోయినందుకు కాదు ఆవిడ బాధ, ఎవరూ విప్పి చూడనందుకు.

అందుకే మీకు చెప్పేది ఒకటే: కొలిచి, పోయిందని తేలకుండా ఏ భాగమూ కొనకండి. టెస్టర్ పెట్టి చూడటం కొలవడం కాదు. స్క్రూడ్రైవర్ టెస్టర్ వెలిగింది కాబట్టి కరెంటు వస్తోంది, వస్తున్నా వేడెక్కట్లేదు కాబట్టి ఎలిమెంట్ పోయింది అనే తర్కం మన ఊళ్ళలో చాలా పొయ్యిల ప్రాణం తీసింది. న్యూట్రల్ ఎక్కడో ఊడితే టెస్టర్ ఎలిమెంట్ రెండు కొసల్లోనూ వెలుగుతుంది, వేడి మాత్రం పుట్టదు. మల్టీమీటర్ కావాలి. ప్లగ్గు తీసేసి, ఎలిమెంట్ వైర్లు విప్పి, దాని రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు, అంటే తీగ కరెంటుకి ఎంత అడ్డుపడుతోందో, చూడాలి. ఎంత రావాలో లెక్క సులువు. 230ని 230తో హెచ్చిస్తే 52,900. దాన్ని ఎలిమెంట్ మీద చెక్కి ఉన్న వాట్లతో భాగించండి. 2000 వాట్లదైతే 26 ఓమ్‌ల పైచిలుకు, 1100 వాట్లదైతే 48, 900 వాట్లదైతే 59. కాస్త అటూ ఇటూ వచ్చినా ఎలిమెంట్ బాగున్నట్టే. మీటరు అసలు కదలకపోతే లోపల తీగ తెగింది, మార్చాల్సిందే.

ఇక మీ పెద్ద ప్లేటు. ఇది మాత్రం నిజంగానే పోయి ఉండొచ్చు. మీరు రాసిన లక్షణమే దాన్ని పట్టిస్తోంది. ఇలాంటి ఇనుప ప్లేట్ల లోపల ఒక తీగ ఉండదు, మూడు విడివిడి తీగలుంటాయి. నాబ్ తిప్పితే వేడి తగ్గించేదీ పెంచేదీ ఆ మూడిటిని రకరకాలుగా కలపడం వల్లే. 1 మీద మూడూ గొలుసులా ఒకదాని వెనక ఒకటి వస్తాయి, కాబట్టి వేడి అతి తక్కువ. 6 మీద మూడూ పక్కపక్కన నిలబడి ఒకేసారి పనిచేస్తాయి, వేడి పూర్తిగా వస్తుంది. ఇప్పుడు అందులో ఒకటి తెగిందనుకోండి. గొలుసులో ఒక లింకు పోతే గొలుసు మొత్తం పోయినట్టే, 1 మీద ప్లేటు చల్లగా ఉంటుంది. 6 మీద మాత్రం మిగిలిన రెండూ పనిచేస్తాయి, వేడెక్కుతుంది గానీ మునుపటి జోరు ఉండదు. మీరు రాసింది అచ్చం ఇదే. పైగా ఎర్రచుక్క ఉందంటే అది త్వరగా వేడెక్కే రకం, వేడి మితిమీరితే ఒక తీగని ఆపే చిన్న భద్రతా పరికరం కూడా దాని లోపలే ఉంటుంది. అది పాడై తెరుచుకునే ఉండిపోయినా లక్షణం ఇలాగే ఉంటుంది. రెండిట్లో ఏదైనా ప్లేటు విప్పి బాగుచేయడం కుదరదు.

అయినా కొనేముందు ఒక మెట్టు దాటాలి. ఆ ప్లేటు స్విచ్‌లో ఒక కాంటాక్టు మాడినా ఇదే తంతు జరుగుతుంది, స్విచ్ ఖరీదు వేరు, ప్లేటు ఖరీదు వేరు. ప్లేటు అడుగున నాలుగు పిన్నులుంటాయి. చల్లారాక వైర్లు విప్పి, పిన్నుల మధ్య జంట జంటగా కొలిస్తే మూడు తీగల రీడింగులూ దొరకాలి. మూడూ వస్తే ప్లేటు నిర్దోషి, స్విచ్ వెనక చూడండి. ఒకటి రాకపోతే ప్లేటు మార్చండి. మిగతా మూడు ప్లేట్లూ మామూలుగా పనిచేస్తుంటే వాటి జోలికి వెళ్ళొద్దు. పని చేస్తున్న మూడు ప్లేట్లని కూడా మార్చాలనడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు.

కొత్త ప్లేటు కొనేటప్పుడు పాతది విప్పి చేత్తో పట్టుకుని షాపుకి వెళ్ళండి. ఈ ప్లేట్లు ఎక్కువగా 145 మిల్లీమీటర్లవి, 180 మిల్లీమీటర్లవి. మీది పెద్దది, ఎర్రచుక్క ఉన్నది కాబట్టి 180, 2000 వాట్లు అయ్యుండాలి. ఎంతని దాని అడుగునే చెక్కి ఉంటుంది. వోల్టులు, వాట్లు, అడ్డుకొలత, పిన్నుల సంఖ్య, నాలుగూ కలవాలి. "ఇది కూడా సరిపోద్ది మేడమ్" అన్న మాటకి లొంగొద్దు. ఇక్కడ దొరకకపోతే కువైట్ నుంచి మీవాళ్ళెవరైనా సెలవుకి వస్తున్నప్పుడు ఫొటో పంపి తెప్పించుకోండి. అక్కడి కరెంటు 240 వోల్టులు, 50 హెర్ట్జ్, మనకి సరిపోతుంది. ఈ జవాబు చదివే మిగతావాళ్ళకి ఒక మాట: అమెరికా నుంచి తెచ్చిన పొయ్యికి ఈ ధైర్యం పనికిరాదు. అక్కడి పొయ్యికి రెండు రకాల వోల్టేజీ కలిపి ఇస్తారు. పెద్ద ప్లేట్లు 240 మీద నడిచినా, గడియారం, లైటు లాంటివి 120 మీద నడిచేవి. మన లైనుకి కలిపితే అవి మాడిపోతాయి.

ప్లేటు బిగించడం పెద్ద విద్యేం కాదు, జాగ్రత్త కావాలంతే. విప్పేముందు ఏ రంగు వైరు ఏ పిన్నుకి ఉందో సెల్‌ఫోన్లో రెండు మూడు ఫొటోలు తీయమనండి. ప్లేటుని కింద నుంచి నడిమి బోల్టు ఒకటి పట్టి ఉంచుతుంది. దాని ఎర్త్ వైరుని మర్చిపోకుండా తిరిగి బిగించాలి. మాడిన వైరుకొస ఉంటే కోసేయాలి. అతుకు వేయాల్సొస్తే పింగాణీ కనెక్టర్ వాడాలి. వైరుకి గాజుపీచు స్లీవ్ ఉండాలి. ఇన్సులేషన్ టేపు ఆ వేడికి ఒక్క రోజులో కరిగి కారుతుంది. కొత్త ప్లేటుని మొదటిసారి గిన్నె పెట్టకుండా పూర్తి వేడి మీద నాలుగైదు నిమిషాలు ఉంచండి. పొగ వస్తుంది, వాసన వస్తుంది, పైపూత గట్టిపడుతోందని అర్థం, కిటికీలు తీసి పెట్టుకోండి. ఆ తర్వాత వాడిన ప్రతిసారీ గోరువెచ్చగా ఉన్నప్పుడే తుడిచి ఆరనివ్వండి. కొన్నాళ్ళు వాడరనుకుంటే నూనె గుడ్డతో ఒకసారి రుద్దండి. మన గాలికి ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. పాలు పొంగినా, బెల్లంపాకం చిందినా అలాగే వదిలేయొద్దు. ప్లేటు అంచు రింగు కిందికి జారి తుప్పుకి తోవ చేస్తుంది.

కాయిల్ పొయ్యి అలవాటు మీద ఇంకొకటి చెప్పాలి. మట్టిపళ్ళెంలో కాయిల్ తెగితే రెండు కొసలూ లాగి మెలిపెట్టి వాడుకోవడం మన ఇళ్ళలో, హాస్టళ్ళలో పాత అలవాటు. మెలిపెట్టినకొద్దీ తీగ పొట్టిదవుతుంది, పొట్టిదైనకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది, మళ్ళీ తెగుతుంది. సీలు వేసిన ప్లేటు విషయంలో ఈ ప్రయత్నం అసలే వద్దు. ప్లేటు పగలగొట్టి లోపల అతికిస్తానని ఎవరైనా అంటే వెనక్కి పంపేయండి.

ప్లగ్గు ఎందుకు నల్లబడిందో మీ పొయ్యి వెనక రేకు మీదే రాసి ఉంటుంది. నాలుగు ప్లేట్లు, ఓవెన్ కలిపితే ఇలాంటి పొయ్యి 8000 వాట్ల దాకా ఉంటుంది, అన్నీ వేస్తే దగ్గర దగ్గర 35 ఆంపియర్లు. మీ పవర్ ప్లగ్గు 16 ఆంపియర్లది, అంటే 3680 వాట్లు. ఒక పెద్ద ప్లేటు, ఓవెన్ కలిపి వేస్తేనే దాని హద్దు దాటిపోతుంది. మూడేళ్ళు ఓర్చుకుంది పాపం. ఈ పొయ్యికి ప్లగ్గే వద్దు. మీటరు బోర్డు నుంచి విడిగా 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించి, ఫేజు, న్యూట్రల్ రెండిటినీ ఆపే 32 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ పెట్టించి, పొయ్యి వెనక వైర్లు బిగించే టెర్మినల్ బ్లాక్‌కి నేరుగా బిగించండి. అప్పుడైనా నాలుగు ప్లేట్లూ ఓవెనూ ఒకేసారి వేయొద్దు. మీ మీటరుకి ఎంత లోడు మంజూరై ఉందో బిల్లు మీద చూసుకోండి. తక్కువుంటే మీ కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ ఆఫీసులో అదనపు లోడుకి దరఖాస్తు పెట్టండి, ఈ పని దాచుకోవాల్సింది కాదు.

ఆ టెర్మినల్ బ్లాక్ మూత తీసినప్పుడు లోపలి రాగి పట్టీల్ని తప్పకుండా చూడమనండి. గల్ఫ్, యూరప్ పొయ్యిలకి అక్కడ ఐదు స్క్రూలుంటాయి. సింగిల్ ఫేజుకి ఒకలా, త్రీ ఫేజుకి ఇంకోలా పట్టీలు కలపాలని మూత మీదే బొమ్మ ఉంటుంది. పట్టీ ఒకటి వదులైతే సగం పొయ్యి పనిచేయదు. త్రీ ఫేజు ఇంట్లో పట్టీ తప్పుగా పెడితే ఎలిమెంట్ల మీద 400 వోల్టులు పడతాయి. బొమ్మ చూడకుండా ముట్టుకోనివ్వకండి.

సాయంత్రం కేకు సంగతికొస్తే, ఎలిమెంట్ కన్నా ముందు వోల్టేజీ చూడండి. మీ వైపు రొయ్యల చెరువుల ఏరేటర్లు, ఇళ్ళ మోటార్లు అన్నీ కలిసి చీకటిపడేసరికి లైను కుంగిపోతుంది. వోల్టేజీ 190కి పడితే వేడి అంతే శాతం తగ్గుతుందనుకోవద్దు, అంతకు దాదాపు రెట్టింపు తగ్గుతుంది. 2000 వాట్ల ఓవెన్ 1360 వాట్ల దగ్గర ఆగిపోతుంది. మధ్యాహ్నం చక్కగా కాలిన కేకు సాయంత్రం అదే 40 నిమిషాలకి పచ్చిగా ఉండటానికి ఇది చాలు. సాకెట్ దగ్గర వోల్టేజీ మధ్యాహ్నం ఒకసారి, రాత్రి 7 గంటలకి ఒకసారి కొలిపించి రాసుకోండి. రోజూ 200 లోపే ఉంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. పొయ్యికి స్టెబిలైజర్ కొనమంటే మాత్రం కొనకండి. అంత లోడుకి సరిపడేది బోలెడు ఖరీదు, వేడి పుట్టించే తీగకి దాని అవసరం లేదు. కేకులు పగలు కాల్చుకోండి. మధ్యాహ్నం కూడా అడుగు పచ్చిగానే వస్తే అప్పుడు కింది ఎలిమెంట్‌ని అనుమానించాలి.

అన్నట్టు, ఓవెన్ అడుగున రేకు కాగితం పరుస్తున్నారా? చాలామంది శుభ్రంగా ఉంటుందని పరుస్తారు. అది కింది ఎలిమెంట్ వేడిని పైకి రానివ్వకుండా అక్కడే బంధిస్తుంది. పైన మాడి కింద పచ్చిగా వస్తుంది, ఎలిమెంటూ దెబ్బతింటుంది. ఉంటే తీసేయండి. తలుపు రబ్బరు గట్టిపడి ఎక్కడైనా నోరు తెరిచిందేమో చూడండి.

థర్మోస్టాట్ పోయిందని ఎలా తేల్చారో వాళ్ళనే అడగండి. ఓవెన్‌లో వేలాడదీసే చిన్న థర్మామీటరు ఒకటి కొనండి, మీ వ్యాపారానికి ఎలాగూ కావాలి. 180 మీద పెట్టి, ఓవెన్ వేడెక్కుతోందని చూపించే చిన్న లైటు నాలుగైదుసార్లు ఆరి వెలిగేదాకా ఆగి చూడండి. పదీ పదిహేను డిగ్రీలు అటూ ఇటూ ఊగడం దాని సహజం. ఎప్పుడూ 20 తక్కువే చూపిస్తుంటే 200 మీద పెట్టుకుంటే సరిపోతుంది. ఎంతకీ ఆగకుండా ఎక్కుతూనే పోతే, లేక ఎక్కడమే లేకపోతే, అప్పుడు లోపలి సన్నటి రాగిగొట్టాన్ని చూడాలి. దాని కొసన ఉన్న పుల్ల లాంటి బల్బు క్లిప్పులోంచి ఊడి పడిపోయినా కొలత తప్పుతుంది, తిరిగి క్లిప్పులో పెడితే చాలు. ఆ గొట్టం నలిగినా మడతపడినా మాత్రం థర్మోస్టాట్ మార్చక తప్పదు, అందులో నూనె ఉంటుంది, అతికేది కాదు.

కాబట్టి పాత ఇనుముకి వేయకండి. నాకు కనిపిస్తున్నంతవరకూ మీ పొయ్యికి ఒక ప్లేటు, బహుశా ఒక ఎలిమెంట్, కొత్త వైరింగ్, ఎర్త్ కావాలి. ఖర్చులో పెద్ద భాగం వైరింగ్‌కే అవుతుంది, అందులో పిసినారితనం చూపించొద్దు. ఆర్‌సీసీబీ, ఎర్త్ ముందు. ఆ తర్వాత లైను. ఆ తర్వాతే పొయ్యి విప్పడం. అన్నీ బిగించాక చేతులు పెట్టి చూడకండి, రేకుకీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటరు పెట్టించి వోల్టేజీ సున్నా దగ్గర ఉందని కళ్ళతో చూడండి. వచ్చే వానాకాలం నుంచి ఆర్డర్లు లేకపోయినా వారానికోసారి ఓవెన్‌ని అరగంట ఖాళీగా వేడిచేయండి.

నవంబరు మొదటివారంలోగా ఈ పని పూర్తిచేయించుకుంటే డిసెంబరుకి మీకు ఒక నెల చేతిలో ఉంటుంది. కొలిచినవాటిలో నాలుగు రకాల రీడింగులు నాకు రాసి పంపండి: పెద్ద ప్లేటు మూడు తీగల ఓమ్‌లు, కింది ఎలిమెంట్ ఓమ్‌లు, ఆరబెట్టకముందూ తర్వాతా దాని మెగ్గర్ రీడింగ్, రాత్రి 7 గంటలకి మీ ఇంటి వోల్టేజీ. అవి చూసి ఏది కొనాలో, ఏది కొనక్కర్లేదో చెబుతాను.